నాడి మామూలు

ఎవరు ఎదురైనా ఆయన ముందు చెయ్యి పట్టుకుంటాడు. పలకరింపు ఆ తర్వాతే. రెండు వేళ్ళు ఎదుటి మనిషి మణికట్టు కింద, బొటనవేలి వైపు, ఆనీ ఆనకుండా పెట్టి, తల కాస్త పక్కకు వంచి, నేలకేసి చూస్తూ నిలబడతాడు. నాడి దొరికాక తల ఊపి చెయ్యి వదిలేస్తాడు. ఎలా ఉన్నావని అప్పుడు అడుగుతాడు.

ఊరు అలవాటు పడింది. పోస్టాఫీసు వరసలో ముందున్నవాడు తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపుతాడు. కూరగాయలమ్మే ఆమె తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని ఇస్తుంది. సెలూన్ అతనికి మాత్రం నోరు ఊరుకోదు.

"ఉన్నానా మాస్టారూ?"

"ఇప్పటికి ఉన్నావు."

"అయితే కొట్టు తెరుస్తా."

సైకిల్ షాపు దగ్గర మాత్రం పద్ధతి తిరగబడుతుంది. అక్కడ ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోడు. చొక్కా చెయ్యి పైకి మడిచి తన చెయ్యే చాపుతాడు. షాపు నడిపే ఆమె పని ఆపి, గ్రీజు వేళ్ళతోనే చూసి, ఒక మాట చెప్పి మళ్ళీ పనిలో పడుతుంది.

నాడి మాస్టారు అంటారు ఆయనను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు వైద్యుడనుకుంటారు. కాదు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఈ అలవాటు ఆయనకు ఒక ఉదయం మొదలైంది. దానికి కొన్నాళ్ళ ముందు, ఆయన కళ్ళెదుట, ఒక పిల్లవాడు పోయాడు.

ఆ బడిలో శుక్రవారం ఆఖరి పీరియడు సంఘాలకు ఇచ్చేవారు. పాటల సంఘం మెట్ల కింద గదిలో. క్విజ్ సంఘం, లైబ్రరీ అని రాసి ఉన్న బీరువా పక్కన. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒకదాంట్లో ఉండి తీరాలి. ఎందులోనూ పనికిరాడనుకున్నవాణ్ణి తోటపని సంఘంలో వేసేవారు. అందుకే తోట ఎప్పుడు చూసినా ఎండిపోయి ఉండేది.

ప్రథమ చికిత్స సంఘానికి గిరాకీ ఎక్కువ. బడి నడుస్తుండగా నేల మీద పడుకునే వీలు ఇంకెక్కడా లేదు.

ఆ సంఘం సైన్సు మాస్టారిది. వయసులో ఉండగా జిల్లా కేంద్రంలో వారం రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చాడు. అక్కడ గాయపడినట్టు నటించే మనిషి చొక్కాకు ఒక కార్డు గుచ్చేవారు. ఏ ఎముక విరిగింది, రక్తం ఎక్కడ కారుతోంది, స్పృహ ఉందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. బాగున్నవాడి ఒంటి మీద గాయం కనపడదు కదా. కార్డు చదివి కట్టు కట్టాలి. మాస్టారికి ఆ పద్ధతి నచ్చింది. తిరిగొచ్చి సొంతంగా కార్డులు చేశాడు. గుండ్రటి అక్షరాలు. రక్తానికి ఎర్ర సిరా, ఎముకలకు నీలం. బిస్కెట్ల రేకు డబ్బాలో వరసగా పెట్టుకున్నాడు. ఆయనకు పెళ్ళి లేదు, అక్క ఇంట్లో ఉండేవాడు. దుమ్ము దులపడానికి కూడా ఆ డబ్బాను అక్కను ముట్టుకోనిచ్చేవాడు కాదు. సంబంధాలు చూడ్డం మానేశానమ్మా, వాడికి డబ్బాతో కుదిరిపోయింది అని అక్క పక్కింటావిడతో అనేది.

ప్రతి కార్డులో ఆఖరి లైను నాడి గురించి. నాడి వేగం. నాడి బలహీనం. నాడి మామూలు. పిల్లలు మణికట్టు మీద వేళ్ళు పెట్టినట్టు పెట్టి, చూపు కార్డు మీద ఉంచి, పైకి చదివేవారు. వేళ్ళు సరైన చోట ఉన్నాయో లేదో ఎవరూ చూసేవారు కాదు. మాస్టారికి కూడా నాడి దొరికేది కాదు. శిక్షణలో ఒకసారి వెతికాడు. దొరకలేదు. దొరికిందన్నాడు. కార్డులు వచ్చాక ఇక వెతకాల్సిన పని పడలేదు.

గాయపడినవాడి వేషం ఎప్పుడూ ఒకడిదే. యూనిఫారాలు కుట్టే ఆమె కొడుకు. తరగతి వాణ్ణి మూర్ఛ అని పిలిచేది. మొదటిసారి బెంచీ మీంచి పడినప్పుడు ఎంత బాగా పడ్డాడంటే, పాటల టీచరు కంగారుగా నీళ్ళు తెచ్చి ముఖం మీద కొట్టింది. వాడు ఒక కన్ను తెరిచి, ఇంకాస్త చల్లటివి లేవా టీచర్ అన్నాడు. ఆ తర్వాత ఆ వేషానికి వేరొకరు ముందుకు రాలేదు. మాస్టారు వాడికి నేర్పింది ఒక్కటే. దెబ్బ తగిలినవాడు ఊరికే పడుకోడు, బాధ చెప్పుకుంటాడు, నువ్వూ చెబుతూ ఉండు అన్నాడు. వాడు చెబుతూ ఉండేవాడు. నిజంగా, ఒట్టు, నిజంగా. ఆ మాట వినపడితే చాలు, తరగతి నవ్వేది.

కట్లు కట్టే జట్టుకు లీడరు సైకిల్ షాపు అతని కూతురు. చిన్నప్పటినుంచీ చక్రాలు బిగించిన చేతులు. ఆమె వేసిన ముడి దానంతటది ఊడదు. మాట పొదుపు. ఆమెను ఆటపట్టించే ధైర్యం మూర్ఛకు ఒక్కడికే ఉండేది.

"లీడరూ, కొంచెం వదులుగా కట్టు. రేపు కూడా నడవాలి."

"రేపటి సంగతి కార్డులో లేదు."

కట్టు గుడ్డలు మూర్ఛ వాళ్ళమ్మ కుట్టి ఇచ్చేది. యూనిఫారాలు కత్తిరించగా మిగిలిన నీలం ముక్కల్ని మూడు మూలలుగా కోసి, అంచు మడిచి కుట్టేది. కొడుకున్న సంఘం కదా.

ఊళ్ళోని బడులన్నిటికీ ఏటా ఒక పోటీ జరిగేది. కిందటేడు షీల్డు రెప్పపాటులో పోయింది. మోకాలి దగ్గర ఒక ముడి సరిగా పడలేదని లీడరు విప్పి మళ్ళీ కట్టింది. అంతే తేడా. మాస్టారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకు తగిలింది. ఈ ఏడు మాస్టారు స్టాప్‌వాచీ కొన్నాడు.

పోటీ దగ్గరపడ్డ శుక్రవారం గ్రౌండులో ఆఖరి సాధన. ఎండగా ఉంది. తరగతి మొత్తం వచ్చి మెట్ల మీద కూర్చుంది. మాస్టారు డబ్బాలోంచి ఒక కార్డు తీశాడు. ఎడమ కాలు విరిగింది, మోకాలి కింద. స్పృహ ఉంది. నాడి మామూలు. చొక్కాకు పిన్ను పెడుతుంటే మూర్ఛ, ఇవాళ స్పృహ లేని కార్డు ఇవ్వండి మాస్టారూ, మాట్లాడే ఓపిక లేదు అన్నాడు. నీ బద్ధకానికి నా దగ్గర కార్డు లేదురా అన్నాడు మాస్టారు.

విజిల్ ఊదాడు. వాడు వెళ్ళి గ్రౌండు మధ్యలో పడ్డాడు. లీడరు, ఇంకో ఇద్దరు పరుగెత్తి మోకాళ్ళ మీద వాలారు. కర్ర బద్దలు కాలికి అటూ ఇటూ చేరాయి. గుడ్డలు కిందినుంచి దూరాయి. మూర్ఛ ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. కార్డు ఆ చేతి కిందికి పోయింది.

"లీడరూ, ఛాతీ..."

"నీకు విరిగింది కాలు. కార్డు చూసుకో."

"నిజంగా. ఒట్టు."

మెట్లు గొల్లుమన్నాయి. మాస్టారూ నవ్వాడు. లీడరు వాడి చేతిని కార్డు మీంచి పక్కకు తీసింది. తీసి, గట్టిగా చదివింది. స్పృహ ఉంది. నాడి మామూలు.

ఆ రోజు ఒక్క ముడి కూడా విప్పాల్సిన పని పడలేదు. స్ట్రెచరు లేచింది. అడుగులు ఒక్కటిగా పడ్డాయి. మెట్ల ముందు దించగానే మాస్టారు వాచీ నొక్కి చూసుకున్నాడు. షీల్డు తెచ్చే వేగం. వాచీ ఉన్న చెయ్యి పైకెత్తి తరగతికి చూపించాడు. చప్పట్లు మొదలయ్యాయి.

దించాక మూర్ఛ లేచి తల వంచడం ఆనవాయితీ. లేవలేదు. చప్పట్లు పెరిగాయి. ఇలాంటివి వాడు ఇదివరకు చేశాడు. చాలు, లే అన్నాడు మాస్టారు. ఎవరో సీసాతో నీళ్ళు తెచ్చి ముఖం మీద పోశారు. ఒక కన్ను తెరుస్తాడని అందరూ చూశారు. నీళ్ళు చెవి పక్కనుంచి కారి నేలలోకి ఇంకాయి. అప్పుడు లీడరు వాడి మణికట్టు మీద వేళ్ళు పెట్టింది. పెట్టినట్టు కాదు, పెట్టింది. కాసేపటికి రెండో చెయ్యి పట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు కాలికున్న కట్టు చూసి, ఎముక విరిగిందా అని అడిగాడు. లేదన్నారు. మరి ఇదెందుకన్నాడు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని, అది ఇంట్లో కూడా తెలిసుండదని తర్వాత చెప్పాడు. నర్సు కత్తెర తెచ్చి కట్టు కోయబోతే వాళ్ళమ్మ వద్దంది. తనే విప్పింది. ముళ్ళు గట్టివి. చాలాసేపు పట్టింది. విప్పిన గుడ్డల్ని మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

హెడ్మాస్టరు తన గదిలోకి మాస్టారిని పిలిచి తలుపు వేశాడు. గుండె లోపానికి బడి ఏం చేస్తుంది, ఎవరి తప్పూ లేదు అన్నాడు. కార్డు రాసింది నేను అన్నాడు మాస్టారు.

"కార్డు గురించి ఎవరైనా అడిగారా?"

"అడగలేదు."

"మీరు మంచివారే, కాదన్నానా. ఆ మంచితనం మీ దగ్గరే ఉంచుకోండి. బడి నడవాలి."

కాబట్టి తప్పు ఎవరిదీ కాలేదు. కానీ అది ఎక్కడో ఒకచోట దిగాలి. పెద్దలు వద్దన్నదాన్ని పిల్లలు అందుకున్నారు. తెచ్చి లీడరు మీద దించారు.

పెద్దగా ఏమీ చెయ్యలేదు. పక్కన కూర్చునే అమ్మాయి బోర్డు కనపడటం లేదని ముందు బెంచీకి మారింది. ఆ చోటులోకి ఎవరూ రాలేదు. రబ్బరు అడిగితే, నీ కార్డులో ఉందేమో చూసుకో అన్నారు. లీడరు అనే పేరు పోయి కార్డు అనే పేరు వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు ఆమె వంతు రాగానే వెనక బెంచీల్లోంచి సన్నగా ఒక గొంతు వినపడేది. నాడి మామూలు.

మాస్టారు తన పీరియడులో ఒకసారి అది విన్నాడు. హాజరు ఆపి తలెత్తాడు. అన్ని ముఖాలూ కడిగినట్టున్నాయి. ఆ ముఖాలన్నీ ఆ రోజు మెట్ల మీద ఉన్నవే. నవ్వినవే. వాటి ఎదురుగా నిలబడి నవ్విన ముఖం తనది. తర్వాతి పేరు పిలిచాడు.

ఆ మర్నాటినుంచి ఆమె బడికి రాలేదు.

వార్షిక పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఇంకా రాకపోతే ఏడు పోతుంది. ఒకసారి ఏడు పోతే సైకిల్ షాపు అతను కూతుర్ని మళ్ళీ బడికి పంపడు. షాపులో పనికి ఎలాగూ మనిషి కావాలి. ఇదంతా మాస్టారికి తెలుసు. కబురు పంపాడు. జవాబు లేదు. ఇంకో పిల్ల చేత పుస్తకాలు పంపాడు. అవి అలాగే తిరిగి వచ్చాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మూర్ఛ వాళ్ళమ్మ బడికి వచ్చింది. స్టాఫు రూము గుమ్మంలో నిలబడి చేతిలోని మూట మాస్టారికి ఇచ్చింది. కొత్త గుడ్డలు. పోటీ కోసమని ముందే చెప్పి చేయించినవి.

"అంచులు కుట్టడం అయిపోయింది. నేను ఉంచుకుని ఏం చేసుకోను?"

ఆమె మెట్ల మీదుగా కాకుండా గోడ పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, బియ్యం ఏరుతున్న అక్క ఎదురుగా కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు పెట్టి వెతికాడు. దొరకలేదు. గట్టిగా నొక్కాడు.

"ఏంట్రా, ఉన్నానో పోయానో చూస్తున్నావా?"

"మాట్లాడకు అక్కా."

"పోతే నేనే చెప్తాలే. మెల్లగా పట్టుకో, అది చెయ్యి, రెంచీ కాదు."

వేళ్ళు వదులు చేశాడు. అప్పుడు తగిలింది. చిన్నగా, లోపల్నుంచి ఎవరో తలుపు తట్టినట్టు. నొక్కితే పోతోంది. వదిలితే వస్తోంది. అక్క బియ్యం ఏరడం ఆపి, ఒంగి ఉన్న తమ్ముడి తలకేసి చూసింది. ఇక వేళాకోళమాడలేదు. రెండో చెయ్యి కూడా ఇచ్చింది. రోజూ వంట మొదలుపెట్టే ముందు వచ్చి ఎదురుగా కూర్చునేది. కొన్నాళ్ళకు ఆయన వేళ్ళు వెతక్కుండానే చోటు పట్టుకోసాగాయి.

అప్పుడు సైకిల్ షాపుకు వెళ్ళాడు. పొద్దు వాలుతోంది. ముందు షాపు, వెనక ఇల్లు. అతను ట్యూబును నీళ్ళ బేసినులో ముంచి బుడగ ఎక్కడ వస్తుందా అని చూస్తున్నాడు. అమ్మాయి మూలన స్టాండుకు బిగించిన చక్రం తిప్పుతూ ఊచలు సరిచేస్తోంది. మాస్టారిని చూసి లేవలేదు.

"మా పిల్ల ఎవరినీ చెయ్యి ముట్టుకోనివ్వడం లేదు మాస్టారూ" అన్నాడు తండ్రి, నీళ్ళలోంచి చూపు తిప్పకుండా. "అన్నం ఎడంచేత్తో తింటోంది. ఆ కుడిచెయ్యి పనికి తప్ప దేనికీ తియ్యదు. ఇక్కడే ఉండనివ్వండి. చక్రాలు చచ్చిపోవు."

పరీక్షల సంగతి చెప్పాడు మాస్టారు. తరగతితో తాను మాట్లాడతానన్నాడు. కార్డు రాసింది తానని, హెడ్మాస్టరుతో కూడా అన్నానని చెప్పాడు. మాటలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళి గోడకు తగిలించిన టైర్ల మధ్య ఆగిపోయాయి. అమ్మాయి చక్రం తిరగడం ఆగేదాకా చూసి, అప్పుడు అడిగింది.

"నేను నాడి చూసుంటే తెలిసేదా మాస్టారూ?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. దారి పొడుగునా జవాబు సిద్ధం చేసుకునే వచ్చాడు. తెలిసేది కాదమ్మా, డాక్టర్లకే తెలియదు. ఆ ఒక్క మాట అంటే చాలు, రేపు బడికి వస్తుందేమో. తండ్రి కూడా ట్యూబు నీళ్ళలో వదిలేసి ఆ మాట కోసమే చూస్తున్నాడు.

ఆయన ఆమె చేతులకేసి చూశాడు.

"తెలిసేది" అన్నాడు.

"తెలిస్తే బతికేవాడా?"

"చెప్పలేను. బతికేవాడేమో."

"మీరు మాకు నేర్పలేదు."

"నాకే రాదు. రాదని మీకు చెప్పలేదు."

బేసినులో ట్యూబు పైకి తేలింది. ఇప్పుడొచ్చా అని అడిగింది అమ్మాయి. వచ్చింది, మా అక్క చేతి మీద నేర్చుకున్నాను అన్నాడు. గట్టిగా పట్టుకుంటే దొరకదమ్మా, ఉన్నావా అని అడిగినట్టు పెట్టాలి వేళ్ళు. చొక్కా చెయ్యి మడిచి తన చెయ్యి ఆమె ముందుకు చాపాడు.

ఆమె దానికేసి చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. చక్రాన్ని మళ్ళీ ఒక తిప్పు తిప్పి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళండి మాస్టారూ, మీరు చెయ్యాల్సింది చేశారు అన్నాడు తండ్రి. అది మెప్పో తిట్టో మాస్టారికి తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆయన బంట్రోతు కన్నా ముందు బడికి వెళ్ళి, గేటు తీసి, పక్కన నిలబడ్డాడు. మొదట వచ్చిన పిల్లవాణ్ణి చెయ్యి ఇమ్మన్నాడు. వాడు బెత్తం దెబ్బకు చాపినట్టు అరచెయ్యి చాపాడు. మాస్టారు దాన్ని తిప్పి మణికట్టు మీద వేళ్ళు పెట్టాడు. తల ఊపి లోపలికి పంపాడు. తర్వాత ఇంకొకరు. వెనక వరస కట్టారు. ఒకడు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి మానేశాడు. తొమ్మిదో తరగతి వాళ్ళు వచ్చారు. వెనక బెంచీ వాడొకడు చెయ్యి ఇచ్చాడు. ఆ చేతిలో నాడి పరుగెత్తుతోంది. మాస్టారు వాడి ముఖంలోకి చూడలేదు. నెమ్మదించేదాకా పట్టుకుని వదిలాడు.

బెల్లు కొట్టారు. వరస అయిపోయింది. అప్పుడు రోడ్డు అవతల ఆమె కనపడింది. సైకిలు పట్టుకుని ఉంది. వెనక సంచీ లేదు. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు చూసిందో. స్టాండు వేసి గేటు దాకా వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు. కుడిచెయ్యి చాపి ఆయన మణికట్టు మీద రెండు గ్రీజు వేళ్ళు ఆనించింది. మొదట తప్పు చోట. తర్వాత జరిపింది. తల పక్కకు వంచి, నేలకేసి చూస్తూ నిలబడింది. లోపల ఏదో తరగతి పాఠం మొదలుపెట్టింది.

"ఉంది" అంది.

వెనక్కి తిరిగి, సైకిలెక్కి షాపు వైపు వెళ్ళిపోయింది. ఆయన పిలవలేదు. పిలిచినా రాదని ఆ వేళ్ళు చెప్పాయి.

గేటు వేయబోతుంటే ఆలస్యమైన పిల్ల ఒకతి రొప్పుతూ వచ్చి, చెప్పడానికి సాకు వెతుక్కుంటోంది. సాకు అక్కర్లేదన్నాడు మాస్టారు. గ్రీజు మరకలున్న చేతిని వెనక్కి పెట్టుకుని, రెండో చెయ్యి చాపాడు.

"ముందు చెయ్యి ఇవ్వు."